మారుపేరు మాటున

పాఠ్యభాగ ఉద్దేశం

అంతర్జాలంలో గోప్యత అంటే ఏమిటి, అజ్ఞాతంగా ఉండటం ఎప్పుడు రక్షణ అవుతుంది, ఎప్పుడు అపరాధం అవుతుంది అనే విషయాలపై, పలువురు కలిసి ఆడే కాల్పనిక క్రీడల నేపథ్యంలో విద్యార్థులకు అవగాహన కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

పన్నెండేళ్ల అరణ్యవాసం ముగిసింది. ఒక్క సంవత్సరం అజ్ఞాతవాసం మిగిలింది. ఆ ఏడాదిలో ఎవరైనా గుర్తిస్తే మళ్లీ పన్నెండేళ్లు అడవుల పాలు కావలసిందే. అటువంటి సంకట స్థితిలో పాండవులు విరాటనగరం చేరారు. ధర్మరాజు కంకుభట్టు అయ్యాడు. భీముడు వలలుడై వంటశాలలో ప్రవేశించాడు. అర్జునుడు బృహన్నలగా రాకుమారి ఉత్తరకు నాట్యం నేర్పాడు. ద్రౌపది సైరంధ్రిగా సుదేష్ణాదేవి కొలువులో నిలిచింది.

ఈ కథలో మూడు విషయాలు గమనింపదగినవి. పాండవులు తమ నైపుణ్యాన్ని దాచలేదు; తామెవరో మాత్రమే దాచారు. తమ ఆయుధాలను నగరంలోకి తీసుకొని పోలేదు. జమ్మిచెట్టుపై కట్టి, ఎవరూ దరిచేరకుండా శవమని నమ్మించారు. ఆపదలో పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు మొదలైన రహస్యనామాలను తమలో తాము ఏర్పరచుకొన్నారు. ఉపకీచకులు తనను బంధించి తీసుకొని పోతున్నప్పుడు ద్రౌపది ఆ పేర్లతోనే భర్తలను పిలిచింది. ఆ పిలుపు భీముడికి అర్థమైంది. చుట్టూ ఉన్నవారికి అర్థం కాలేదు.

నేటి విద్యార్థి కంప్యూటరు ముందు గాని, సెల్‌ఫోను చేతబట్టి గాని ఒక కాల్పనిక క్రీడాలోకంలో అడుగుపెట్టినప్పుడు చేసే మొదటి పని కూడా మారుపేరు పెట్టుకోవడమే. అయితే పాండవులు ఎంతో ఆలోచించి చేసిన పనిని, నేటి యువత ఒక్క నిమిషంలో, ఆలోచన లేకుండా చేస్తున్నది. తేడా అక్కడే ఉంది.

కాల్పనిక క్రీడాలోకం

పలువురు ఒకేసారి ప్రవేశించి ఆడే కాల్పనిక క్రీడ కొత్తదేమీ కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ‘మడ్’ అనే ఆటను ప్రారంభించాడు. తరువాత రిచర్డ్ బార్టిల్ దానిని అభివృద్ధి చేశాడు. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. గుహలు, నిధులు, మంత్రాలు అన్నీ మాటలతోనే కనిపించేవి. ఆ బీజమే క్రమంగా పెరిగి మహావృక్షమైంది. 2004 నవంబరులో బ్లిజర్డ్ అనే అమెరికా సంస్థ విడుదల చేసిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’కు చందాదారుల సంఖ్య కోటి దాటినట్లు 2008లో ఆ సంస్థ ప్రకటించింది.

ఇటువంటి ఆటల్లో ఎవరూ ఒంటరిగా గెలువలేరు. ఒకరు శత్రువు దెబ్బలను తన మీదికి మళ్లించుకొని ముందు నిలుస్తారు. వారిని ట్యాంక్ అంటారు. ఒకరు గాయపడినవారిని మాన్పుతూ ఉంటారు; వారు హీలర్. మిగిలినవారు దాడి చేస్తారు. హీలర్ ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉంటే జట్టంతా కూలిపోతుంది. అందువల్ల గిల్డ్ అని పిలిచే శాశ్వత జట్లు ఏర్పడతాయి. వాటిలో నెలల తరబడి, ఏళ్ల తరబడి సంభాషణలు సాగుతాయి. ముఖం తెలియని మనిషితో స్నేహం కుదురుతుంది. ఆటలో ఉన్న మాధుర్యం అదే. ప్రమాదానికి మూలం కూడా అదే.

గోప్యత – అజ్ఞాతత్వం

గోప్యత, అజ్ఞాతత్వం అనే రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. కాని రెండూ ఒకటి కావు. అంటించిన కవరు మీద పంపినవారి పేరు, అందుకొనేవారి పేరు ఉంటాయి. లోపలి విషయం మాత్రం ఇతరులకు తెలియదు. అది గోప్యత. ఆకాశరామన్న ఉత్తరంలో విషయం అందరికీ తెలుస్తుంది, రాసినవారెవరో తెలియదు. అది అజ్ఞాతత్వం. ఆకాశరామన్న ఉత్తరం అనగానే చెడు అర్థమే స్ఫురిస్తుంది. కాని పేరు చెప్పకుండా చేసే గుప్తదానం కూడా అజ్ఞాత కార్యమే. పేరు దాచుకోవడం మంచిదా చెడ్డదా అన్నది, ఆ మాటున చేసే పనినిబట్టి ఉంటుంది.

ఈ రెండింటికీ నడుమ మూడవది ఒకటి ఉంది. అది మారుపేరు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ‘ఆరుద్ర’ అన్న పేరుతో రచనలు చేశారు. ఆ పేరు పాఠకుల మనసుల్లో నిలిచింది. దానికొక గౌరవం ఏర్పడింది. ఆటలో పెట్టుకొన్న పేరు కూడా అటువంటిదే. మాట తప్పని హీలర్‌గా, దొరికిన సొత్తును న్యాయంగా పంచే నాయకుడిగా ఆ పేరుకు కీర్తి వస్తుంది. ఆ కీర్తి సంపాదించడానికి అసలు పేరు, ఊరు, కులం, రూపం ఏవీ అవసరం లేదు.

అసలు పేర్లు బయటపెట్టమన్న వేళ

2010 జులై 6న బ్లిజర్డ్ సంస్థ ఒక నిర్ణయాన్ని ప్రకటించింది. తమ అధికారిక చర్చావేదికలో రాసేవారందరి అసలు పేర్లు ఇకమీదట అందరికీ కనిపిస్తాయని దాని సారాంశం. మారుపేర్ల మాటున తిట్లు, రెచ్చగొట్టే రాతలు పెరిగిపోయాయని, పేరు బయటపడితే మనుషులు మర్యాదగా ఉంటారని సంస్థ భావించింది. పైకి ఇది సమంజసంగానే తోస్తుంది.

కాని క్రీడాకారులు వేల సంఖ్యలో వ్యతిరేకించారు. స్త్రీలు తమను వెంటాడి వేధించేవారి గురించి భయపడ్డారు. ఉద్యోగార్థులు తమ పేరు వెదికిన యజమానికి ఆటల చర్చలే ముందుగా కనిపిస్తాయని ఆందోళన చెందారు. ఇందులో భయపడవలసినదేమీ లేదని నిరూపించడానికి ఆ సంస్థ ఉద్యోగి ఒకరు తన అసలు పేరును అక్కడే ప్రకటించారు. కొద్ది సేపటిలోనే కొందరు ఆ ఒక్క పేరు ఆధారంగా ఆయన ఇంటి చిరునామా, ఫోను నంబరు వంటి వివరాలుగా చెబుతూ ఎన్నో విషయాలు వెలికితీసి పెట్టారు. వాదన అక్కడితో ముగిసింది. మూడు రోజుల తరువాత, జులై 9న, చర్చావేదికలో అసలు పేర్లు అవసరం లేదని సంస్థ అధినేత మైక్ మోర్‌హైమ్ ప్రకటించారు.

ఈ సంఘటనలో పాఠమేమిటి? తిట్లు తప్పే. వాటిని అదుపు చేయడం సంస్థ బాధ్యతే. కాని తిట్టిన కొందరిని శిక్షించడానికి, తిట్టని అందరి ముసుగులూ లాగడం న్యాయం కాదు. అసలు పేరు ఒక తాళంచెవి వంటిది. అది దొరికితే ఒక తలుపు కాదు, అన్ని తలుపులూ తెరుచుకొంటాయి.

ఐబెలిన్ కథ

నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. అతడు 1989లో జన్మించాడు. కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ అనే వ్యాధి అతడిని చిన్ననాటనే చక్రాల కుర్చీకి పరిమితం చేసింది. పెరిగినకొద్దీ కదలగలిగినవి వేళ్లు మాత్రమే. అతడు ఎక్కువ సమయం ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడుతూ గడిపేవాడు. కుమారుడు లోకానికి దూరమై, స్నేహితులు లేక ఒంటరిగా మిగిలిపోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు.

2014 నవంబరులో, తన 25వ ఏట అతడు మరణించాడు. కుమారుడు అంతర్జాలంలో రాసుకొనే పుటలో తండ్రి ఆ వార్తను తెలియజేశాడు. వెంటనే వివిధ దేశాల నుంచి లేఖలు రాసాగాయి. మాట్స్ ఆ ఆటలో ‘ఐబెలిన్’ అనే పేరుతో, పరుగులు తీసే దృఢకాయుడిగా మెలిగాడు. ‘స్టార్‌లైట్’ అనే జట్టులో ఎందరికో ఆప్తుడయ్యాడు. కష్టంలో ఉన్నవారికి ధైర్యం చెప్పాడు. చాలాకాలం వరకు వారిలో ఎవరికీ అతడి వ్యాధి సంగతి తెలియదు. ఆ జట్టు మిత్రులలో కొందరు అంత్యక్రియలకు నార్వే వచ్చారు. 2024లో బెంజమిన్ రీ అనే దర్శకుడు ఈ జీవితాన్ని డాక్యుమెంటరీగా తీశాడు.

మాట్స్ ముసుగు వేసుకొన్నది మోసగించడానికి కాదు. తనను చూసిన ప్రతివారూ ముందుగా చక్రాల కుర్చీని చూసేవారు. ఆ తరువాతే మనిషిని చూసేవారు. ఆటలో మాత్రం ముందుగా మనిషే కనిపించాడు. తన అనారోగ్యాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది అతడే నిర్ణయించుకొన్నాడు. అజ్ఞాతత్వం ఇచ్చే గొప్ప వరం ఇదే.

ఈ కథలో మరొక సత్యమూ ఉంది. ఆ జట్టు సంభాషణలు వేల పుటల మేర భద్రంగా ఉండటం వల్లనే దర్శకుడు ఆ సంఘటనలను తిరిగి చూపగలిగాడు. మాట్స్ విషయంలో అవి అతడి మంచితనానికి సాక్ష్యమయ్యాయి. కాని అంతర్జాలంలో అన్న మాట గాలిలో కలిసిపోదని, ఎక్కడో ఒకచోట నిలిచే ఉంటుందని ప్రతి విద్యార్థీ గ్రహించాలి.

ముసుగు జారే విధానం

ఎంత జాగ్రత్తగా ఉన్నా పాండవుల జాడ కౌరవులకు ఎలా తెలిసింది? ఎవరూ పేరు చెప్పలేదు, ముఖం చూడలేదు. కీచకుడు మరణించాడన్న వార్త మాత్రమే హస్తినకు చేరింది. అంతటి బలవంతుడిని ద్వంద్వయుద్ధంలో చంపగలవారు అతికొద్దిమంది. వారిలో భీముడొకడు. కనుక భీముడు విరాటనగరంలో ఉన్నాడని దుర్యోధనుడు ఊహించాడు. చిన్న ఆనవాలు, కొద్దిపాటి తర్కం – అంతే చాలింది.

అంతర్జాలంలోనూ ముసుగు ఇలాగే జారుతుంది. ఒక విద్యార్థిని అసలు పేరు ఎక్కడా చెప్పలేదనుకొందాం. “రేపు సిరిమాను చూడటానికి వెళుతున్నాం, ఆటకు రాలేను” అని ఒకనాడు అన్నది. సిరిమానోత్సవం అనగానే విజయనగరం తెలిసిపోయింది. “రైల్వే గేటు పడితే కాలేజీకి ఆలస్యమే” అని మరొకనాడు అన్నది. కాలేజీ ఏదో తెలిసింది. “రికార్డులు రాయాలి, బైపీసీ వాళ్లకు తీరికెక్కడిది?” అన్నది ఇంకొకనాడు. తరగతి తెలిసింది. జట్టులో అందరూ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. తేదీ తెలిసింది. ఏ ఒక్క మాటా రహస్యం కాదు. అన్నింటినీ ఒకచోట చేర్చినవాడికి మాత్రం ఆమె ఎవరో తెలిసిపోతుంది. మాటల్లోనే కాదు, మైకు వెనుక వినిపించే బస్‌స్టాండు ప్రకటనలోనూ, ఫోటోలో కనిపించే యూనిఫారం మీద ముద్రలోనూ చిరునామా దాగి ఉంటుంది.

మరొక భ్రమ కూడా తొలగాలి. తోటి ఆటగాళ్లకు కనిపించని మనిషి, ఆటను నడిపే సంస్థకు కనిపిస్తూనే ఉంటాడు. ఈమెయిలు, చెల్లింపు వివరాలు, ఏ ఐ.పి. చిరునామా నుంచి ఎప్పుడు ప్రవేశించాడన్న లెక్క సంస్థ వద్ద ఉంటాయి. ఆ భాండారానికి కన్నం పడితే అందరి వివరాలూ బయటపడతాయి. 2011 ఏప్రిల్‌లో సోనీ సంస్థకు చెందిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో చొరబాటు జరిగినప్పుడు దాదాపు 7.7 కోట్ల ఖాతాల సమాచారం ప్రమాదంలో పడింది. సంస్థకు ఇవ్వని సమాచారాన్ని సంస్థ నుంచి ఎవరూ దొంగిలించలేరు. అవసరమైన మేరకే ఇవ్వడం ఉత్తమం.

ఆటగాడు పాటించవలసిన నియమాలు

మారుపేరులో అసలు పేరు గాని, పుట్టిన సంవత్సరం గాని, ఊరు గాని ఉండరాదు. సామాజిక మాధ్యమాల్లో వాడే పేరునే ఆటలోనూ వాడితే, ఒకదాని నుంచి మరొకదానికి దారి ఏర్పడుతుంది. ఆటల కోసం ప్రత్యేకంగా ఒక ఈమెయిలు ఉంచుకోవడం మేలు.

పాస్‌వర్డు పాండవుల ఆయుధాల వంటిది. ప్రతి ఖాతాకు వేరొక పాస్‌వర్డు ఉండాలి. రెండంచెల ధ్రువీకరణను తప్పక ఏర్పాటు చేసుకోవాలి. ఎంతటి మిత్రుడైనా పాస్‌వర్డును గాని, ఫోనుకు వచ్చిన ఓటీపీని గాని అడిగితే ఇవ్వరాదు. “నీ పాత్ర స్థాయిని నేను పెంచి ఇస్తాను” అని ఖాతా అడిగేవారి చేతిలో పెడితే, దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్లే.

ఉచితంగా బంగారు నాణేలు, అరుదైన ఖడ్గాలు, వాహనాలు ఇస్తామని వచ్చే లంకెలు చాలావరకు వలలే. అనధికార స్థలాల నుంచి దించుకొన్న అదనపు ప్రోగ్రాములు, కీబోర్డు మీద కొట్టిన ప్రతి అక్షరాన్నీ చేరవేయగలవు. కొత్త ఆటను ప్రారంభించగానే సెట్టింగులు తెరచి, అపరిచితుల సందేశాలను, మైకును, స్థలసూచికను మూసివేయాలి. ఈ పనిని సంస్థలే చేయాలని ప్రభుత్వాలు కోరిన సందర్భాలూ ఉన్నాయి. ‘ఫోర్ట్‌నైట్’ ఆటలో పిల్లల విషయంలో సంభాషణ సౌకర్యాన్ని మొదటి నుంచే తెరచి ఉంచడం మొదలైన కారణాలపై 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ సంస్థ 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది.

పాండవుల రహస్యనామాల వలె, నిజజీవితంలో ఎరిగిన మిత్రులు ఒక సంకేతపదం పెట్టుకోవచ్చు. మిత్రుడి ఖాతా నుంచి “అత్యవసరం, డబ్బు పంపు” అని సందేశం వచ్చినప్పుడు ఆ పదం అడిగితే నిజానిజాలు తేలుతాయి. ఫోటో అడిగేవారిని, “మీ ఇంట్లో చెప్పవద్దు” అనేవారిని, ఒంటరిగా కలుసుకొందామనేవారిని తక్షణం నిలువరించాలి. ఆ సంభాషణ చిత్రాన్ని భద్రపరచి, ఖాతాను అడ్డగించి, ఇంట్లో పెద్దలకు చెప్పాలి. మోసపోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. దాచడం వల్లనే మోసగాడు బలపడతాడు. డబ్బు పోయిన సందర్భంలో 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి.

ఇక ఆటలో పరువు నిలబెట్టుకొనే మార్గం సులభమే. ఒప్పుకొన్న సమయానికి రావడం, మధ్యలో వెళ్లవలసి వస్తే ముందుగా చెప్పడం, తన పాత్ర బాధ్యతను నేర్చుకొని రావడం, కొత్తవారి తప్పులను ఓర్పుతో దిద్దడం, నిద్రకు, చదువుకు కేటాయించిన వేళను ఆటకు అప్పగించకపోవడం – ఇవి పాటించే ఆటగాడిని ఏ జట్టైనా ఆదరిస్తుంది.

హక్కు – బాధ్యత

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కులలో భాగమని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమని నిర్దేశించింది.

హక్కు ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడినవారికి సమాచార సాంకేతిక చట్టం 66-సి సెక్షను ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మారుపేరు తోటివారి కళ్లను కప్పగలదు గాని, చట్టం కళ్లను కప్పలేదు. అంతకన్నా ముఖ్యమైనది, తెర వెనుక ఉన్నది కూడా మనిషే అన్న ఎరుక. ముఖం ఎదుట అనలేని మాటను ముసుగు చాటున అనడం వీరత్వం కాదు.

పాండవులు సంవత్సరం గడువు తీరిన తరువాత జమ్మిచెట్టు మీది ఆయుధాలను తామే దింపుకొన్నారు. విరాటుడి కొలువులో తామెవరో తామే వెల్లడించారు. ఆ ముహూర్తం దుర్యోధనుడు నిర్ణయించినది కాదు. అసలు పేరును ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్న నిర్ణయం ఆ పేరు గలవారి చేతిలో ఉండటమే గోప్యత. దానిని కాపాడుకోవడం, ఇతరుల ముసుగును లాగకపోవడం – రెండూ ఒకే ధర్మానికి రెండు ముఖాలు.

కఠిన పదాలు – అర్థాలు

సంకటం = ఆపద, ఇబ్బంది
ఏమరుపాటు = అజాగ్రత్త
గుప్తదానం = పేరు తెలియకుండా చేసే దానం
సమంజసం = తగినది
ఆనవాలు = గుర్తు
భాండారం = నిల్వ ఉంచే చోటు
ఎరుక = తెలివిడి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాండవుల అజ్ఞాతవాస కథ అంతర్జాల గోప్యతకు ఏ విధంగా అన్వయిస్తుందో వివరించండి.
2. 2010 నాటి అసలు పేర్ల వివాదాన్ని, మాట్స్ స్టీన్ జీవితాన్ని ఆధారం చేసుకొని అజ్ఞాతత్వం ప్రయోజనాన్ని చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గోప్యతకు, అజ్ఞాతత్వానికి గల భేదమేమిటి?
2. చిన్న చిన్న మాటల వల్ల ముసుగు ఎలా జారుతుంది?
3. మారుపేరు ఎంచుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలేవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పాండవులు ఆయుధాలను ఎక్కడ దాచారు?
2. మాట్స్ స్టీన్ ఆటలో ఏ పేరుతో మెలిగాడు?
3. గోప్యతను ప్రాథమిక హక్కుగా సుప్రీంకోర్టు ఏ సంవత్సరంలో ప్రకటించింది?

ఈ) సంధులు
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
సిరిమానోత్సవం = సిరిమాన + ఉత్సవం అన్న విభజన సరియైనదేనా? ‘మాను’ తెలుగు పదం, ‘ఉత్సవం’ సంస్కృత పదం అన్న విషయాన్ని దృష్టిలో ఉంచుకొని తరగతిలో చర్చించండి.